తవుడుకు అమ్మిన బిడ్డ

"మీకు మతి ఉండే రాశారా ఆ అర్జీ?"

వెంకటరమణమ్మ పోస్టుకార్డు మొగుడి మొహం ముందుకి చాపింది. పోస్టుమాన్ దాన్ని కిటికీ ఊచల్లోంచి లోపలికి పడేసి, సైకిలెక్కి ఇంకా మలుపైనా తిరగలేదు. తలుపు తట్టి ఇద్దామంటే తలుపుకి బయట తాళం. పదిహేను రోజులుగా ఆ యూనివర్సిటీ క్వార్టర్సులోకి ఉత్తరం ముక్కైనా కొత్తిమీర కట్టైనా ఆ కిటికీలోంచే రావాలి.

సుబ్బరాయుడుగారు పడక కుర్చీలోంచి కదల్లేదు. పంచె కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ కూచున్నారు.

"మతి ఉన్నప్పుడే రాశాను. లేనప్పుడు రాయటానికి నాకు కలం ఎక్కడుందో కూడా గుర్తుండదుగా," అన్నారు.

"ఏం రాశారో నేను చదువుతాను, మీ చెవులతో మీరు వినండి." ఆవిడ కార్డు వెలుతురుకి పట్టుకుంది. "మల్కాజ్‌గిరి వయోవృద్ధుల సదనం. అయ్యా, సంతానం లేని దంపతులమని మీరు పెట్టుకున్న అర్జీ అందినది. పద్నాలుగో తేదీ సాయంత్రం నాలుగు గంటలకు మా మనిషి చంద్రయ్య మీ ఇంటికి వచ్చి విచారించును. ప్రస్తుతం మీకు ఆశ్రయమిచ్చిన ఉమాపతి గారు కూడా ఇంట ఉండవలెను..."

ఆవిడ కార్డు కిందికి దించింది.

"ఉమాపతి గారా? వాడు మీకు గారు ఎప్పుడయ్యాడండీ? సంతానం లేని దంపతులెవరు ఈ ఇంట్లో? పొద్దున్న నా చేతి పెసరట్టు తిని, ఆవకాయ ఘాటుకి ముక్కు చీదుకుంటూ కాలేజీకి వెళ్ళాడే, వాడెవడు మరి?"

"నెమ్మదిగా మాట్లాడు. ఎవరైనా వింటారు."

"తాళం వేసిన కొంపలో వినేదెవరు!"

అదీ నిజమే. ఉమాపతి ఫిజిక్సు డిపార్టుమెంటులో రీడరు, పావు తక్కువ పదింటికి వెళతాడు. కోడలు కామాక్షి తార్నాకలో లాబొరేటరీలో టైపిస్టు. ఇద్దరూ కలిసే బయల్దేరతారు, తాళం మాత్రం వాడే వేస్తాడు. వెయ్యక ఏం చేస్తాడు, పాపం? ఒకసారి సుబ్బరాయుడుగారు షికారుకని వెళ్ళి దారి మరచిపోతే కుర్రాళ్ళెవరో హాస్టలు దగ్గరనుంచి తీసుకొచ్చారు. రెండోసారి సీతాఫల్‌మండి దగ్గర రైలు పట్టాల మధ్యన నడుస్తూ కనిపించారు. కర్నూలు బండికి వేళైపోతోంది, ఆఫీసుకి ఆలస్యం అవుతుందన్నారట. సెక్రటేరియట్ కర్నూలు నుంచి హైదరాబాదుకి తరలివచ్చి పన్నెండేళ్ళయింది, ఈయన రిటైరై పదకొండేళ్ళయింది. ఏ బండి, ఏ ఆఫీసు?

ఇంకో రెండు నిమిషాలైతే ఎదురుగా బండి వచ్చేదని ఆయన్ని పట్టుకొచ్చిన గ్యాంగుమన్ చెప్పాడు. ఆ మర్నాడే ఉమాపతి తాళం కప్ప కొనుక్కొచ్చాడు.

"ఈ అర్జీ ఎలా పంపించారు మీరు?" అంది వెంకటరమణమ్మ.

"ఆ పోస్టుమాన్‌కే ఇచ్చాను, కిటికీలోంచి. నువ్వు మడి కట్టుకుని వంటింట్లో ఉన్నావు."

"మీ చెయ్యెలా ఆడిందండీ, సంతానం లేదు అని రాయటానికి?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆఫీసులో చిన్న గుమాస్తాకి పాఠం చెప్పే మనిషిలా వేళ్ళు మడిచారు.

"చూడు. ముప్పయ్యేళ్ళు అర్జీలు చూసినవాణ్ణి నేను. సంతానం అన్న కాలం ఖాళీగా వదిలితే అర్జీ వెనక్కి వచ్చేస్తుంది. కొడుకున్నాడు అని రాస్తే చెత్తబుట్టలోకి పోతుంది. లేదు అంటేనే పై అధికారి బల్ల మీదికి వెళుతుంది. అది కాలం నింపటం, అంతే. వాణ్ణి ఏదో అన్నట్టు కాదు."

"కాలమా!" ఆవిడ నేలమీద చతికిలబడింది. "ఇద్దర్ని మట్టిలో పెట్టి వచ్చినదాన్నండీ నేను. ఇద్దర్ని! వీడొక్కడు దక్కాడు. వీణ్ణి కూడా లేదంటూ కాగితం మీద పెట్టారే, మీ నోట్లో నా నోట్లో మన్నుపడా!"

"వీడు ఎలా దక్కాడు? అది చెప్పు."

వెంకటరమణమ్మ తలెత్తి చూసింది. ఆయన మాట ఎటు పోతోందో ఆవిడకి తెలిసిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్ళ నాటి సంగతి. తెనాలిలో. ఇద్దరు బిడ్డలు పురిటి వాసన పోకుండానే పోయారు. మూడో బిడ్డ పుట్టిన పదకొండో రోజున అత్తగారు చేటలో పాత గుడ్డ పరిచి, వాణ్ణి పడుకోబెట్టి, పెరటి గుమ్మంలోంచి పక్కింటి అమృతమ్మ చేతికిచ్చింది. అమృతమ్మ మూడు దోసిళ్ళ తవుడు పోసి కొనుక్కుంది. అప్పుడు తల్లి గుమ్మంలో నిలబడి గట్టిగా మూడుసార్లు అనాలి. వీడు మాకేమీ కాడు, నీ బిడ్డే, తీసుకుపో అని. మృత్యువు విని, ఈ ఇంట్లో బిడ్డ లేడనుకుని వెళ్ళిపోవాలి.

వెంకటరమణమ్మ అంది. ఏడుస్తూ మూడుసార్లూ అంది. ఆ పూటంతా పాలు చేపుకొచ్చి రవికె తడిసిపోయింది. దీపాల వేళకి అదే తవుడు తిరిగిచ్చి కొనుక్కున్నాక, వాడి ముక్కు కుట్టించారు. ఆ మచ్చ ఇవాళ్టికీ రీడరుగారి ముక్కు మీద ఉంది.

"నువ్వు మూడుసార్లు అన్నావు, నేను ఒక్కసారి రాశాను," అన్నారు సుబ్బరాయుడుగారు.

"అది వాడు బతకాలని!"

"ఇదీ వాడు బతకాలనే."

ఆవిడ ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"మొన్న ఆదివారం పెరట్లో బట్టలారేస్తూ వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. నేను గదిలోనే ఉన్నాను. ఉద్యోగం మానేస్తానంది కామాక్షి. వద్దు, నేను సెలవు పెడతానన్నాడు వాడు. ఎన్నాళ్ళు పెడతారు అంది. ఇంక ఇద్దరూ మాట్లాడలేదు. బకెట్టెడు బట్టలూ ఆరేసి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా లోపలికి వచ్చారు. తిట్టుకుంటే బాగుండునే! నన్ను తిట్టినా బాగుండును. తాళం వేసేటప్పుడు ఎప్పుడైనా వాడి మొహం చూశావా? నేను రోజూ ఈ కిటికీలోంచి చూస్తాను. రెండుసార్లు లాగి చూస్తాడు. చూసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటాడు."

వెంకటరమణమ్మ ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ సదనంలో గేటు సాయంత్రం ఆరింటిదాకా తెరిచే ఉంటుందిట. చుట్టూ గోడ, మధ్యన తోటట. తిరిగినంతసేపు తిరగొచ్చు."

"నేనో?"

"నువ్వూ వస్తావు. దంపతులనే రాశాను."

ఆయన పోస్టుకార్డు అందుకుని ఓసారి చూసుకున్నారు. తర్వాత, "ఇవాళ తేదీ ఎంత?" అన్నారు.

"పద్నాలుగు. నా ఖర్మ, పద్నాలుగు!"

మధ్యాహ్నం ఒంటిగంటకి కిటికీ దగ్గర గాజులు చప్పుడయ్యాయి. అంట్లు తోమే బుచ్చవ్వ. పక్క క్వార్టర్సులో పని ముగించుకుని సీతాఫల్‌మండికి వెళుతూ రోజూ ఓసారి పలకరించి పోతుంది. వాళ్ళ వదిన లచ్చవ్వ ఆ మల్కాజ్‌గిరి సదనంలోనే వంట చేస్తుందని ఇదివరకు ఎప్పుడో చెప్పింది.

"ఏందమ్మా, మొకం గట్లున్నది? అయ్యకు మల్ల గడబడ అయ్యిందా?"

వెంకటరమణమ్మ ఊచలు పట్టుకుంది. "బుచ్చవ్వా, నిజం చెప్పు. మీ వదిన ఉండే ఆ సదనం ఎలా ఉంటుంది?"

"మంచిగనే ఉంటది. తిండికి కొదువ లేదు. గంట కొడితే లేవాలె, గంట కొడితే తినాలె, గంట కొడితే పండాలె. మొగోళ్ళు ఒక దిక్కు, ఆడోళ్ళు ఒక దిక్కు."

"ఒక దిక్కంటే?"

"ఏరే ఏరే హాల్లు. నడుమ తీగల కంచె ఉన్నది. పొద్దుగూకినంక గంటసేపు ఆలుమొగలను అరుగు మీద కూసోనిస్తరు. మల్ల గంట కొడితే ఎవల దిక్కు ఆళ్ళు పోవుడే."

వెంకటరమణమ్మ ఊచలు వదిలేసింది. వెనక్కి తిరిగి మొగుడి వైపు చూసింది. ఆయన ఇటు చూడటం లేదు. ఈ సంగతి ఆయనకి ముందే తెలుసన్నమాట.

"గాడికి పోతరా ఏంది?" బుచ్చవ్వ గొంతు తగ్గించింది. "నేను గూడ పోయిన అమ్మా, మొన్న ఎండాకాలం. నీకు ఎరుకే గద, నాకు ముగ్గురు కొడుకులు. నెలకొకని ఇంట్ల బువ్వ. మూట విప్పేదే లేదు. ముప్పైయొకటో తారీకు వస్తె సాలు, ఆ ఒక్క దినం ఎవలు పెట్టాలెనని కొట్లాడుకుంటరు. నేను ఆ దినం పస్తుంట. గందుకే పోయిన. పిల్లలెందరని అడిగిండు గాడ సారు. లేరని చెప్పు, జాగ దొరుకుతది అన్నది మా లచ్చవ్వ."

"చెప్పావా?"

"నోట్లెకెల్లి వస్తె గద!" బుచ్చవ్వ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ముగ్గురు సార్ అన్న. ఇంటికి పో అన్నడు. వచ్చిన."

వెంకటరమణమ్మ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి దాని మోచెయ్యి పట్టుకుంది.

"నీకు పుణ్యముంటుంది, మా ఉమా దగ్గరికి వెళ్ళు. ఎలా ఉన్నవాణ్ణి అలా రమ్మను. నాలుగింటికి ముందే రావాలి."

"సారు క్లాసుల ఉంటె?"

"గుమ్మంలో కూచో. నాన్నగారికి బాగాలేదని చెప్పు, పరిగెత్తుకొస్తాడు."

ఆ చిన్న అబద్ధం తన కొంప ముంచుతుందని ఆవిడకేం తెలుసు? వాడు ముందుగా వస్తే, ఏదో నచ్చజెప్పి, వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపించెయ్యొచ్చు, అర్జీ మాట వాడి చెవిన పడకుండానే అంతా సర్దుకుంటుందనుకుంది. పిచ్చి తల్లి!

నాలుగు కొట్టినా ఉమాపతి రాలేదు, ఏ లాబులో చిక్కుకున్నాడో. చంద్రయ్య వచ్చాడు.

చేతిలో సంచి, చంకలో గొడుగు, ఏభై ఏళ్ళ మనిషి. మెట్లెక్కి, తలుపు కొట్టబోయి, తాళం కప్ప చూసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి పోబోతుంటే కిటికీలో సుబ్బరాయుడుగారు కనిపించారు.

"దయచెయ్యండి," అన్నారు సుబ్బరాయుడుగారు లేచి నిలబడి. ఎక్కడికి దయచెయ్యాలో ఆ మనిషికి అర్థం కాలేదు.

"గిదేంది పెద్దాయనా? లోపట మీరు, బయట తాళం. ఎవరేసిండ్రు?"



చంద్రయ్య సంచిలోంచి అర్జీ తీసి చూశాడు. "ఆశ్రయమిచ్చినవారు ఉమాపతి గారు. గీ సారేనా తాళం ఏసి పోయింది? దిక్కు లేనోళ్ళని ఇంట్ల పెట్టుకొని, గిట్ల బంద్ చేసి పోతడా? లోపట అగ్గి అంటుకుంటె ఎవడు జవాబ్దారి? యూనివర్సిటీల పాఠాలు చెప్పే మనిషి చేసే పనేనా? నేను ఇప్పుడే ఠాణాకు పోత. ఇద్దరు జవాన్లను తీస్కొస్త, తాళం పగలగొట్టిస్త."

"వద్దు బాబూ!" వెంకటరమణమ్మ కిటికీకి అడ్డం పడ్డట్టు వచ్చింది. "తాళం మేమే వెయ్యమన్నాం. ఈయనకి మరుపు. రైలు పట్టాల మీదికి వెళ్ళిపోయారు. ఆయన... ఆ అబ్బాయి... బంగారంలాంటి మనిషి. ఒక్క మాట అనకండి."

"గంత మంచోడైతె, మా దగ్గరికి ఎందుకొస్తున్నరు?"

ఆవిడ గేటు వైపు చూసింది. కొడుకని చెబితే మొగుడి కోరిక మట్టిలో కలుస్తుంది, కొడుకే తాళం వేశాడని ఊరంతా తెలుస్తుంది. కాదంటే వాడి మీదికి పోలీసులు. ఏ నోటితో ఏమనాలి? రామచంద్రా, ఈ క్షణాన నా ప్రాణం తీసుకుపోరాదా, అనుకుంది.

అప్పుడు ఉమాపతి సైకిల్ వచ్చి గేటుకి కొట్టుకుంది. స్టాండు వెయ్యటానికి కూడా ఆగలేదు, దాన్ని అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. చొక్కా తడిసిపోయి ఒంటికి అంటుకుంది. తాళం చెవి అప్పటికే చేతిలో ఉంది.

"అమ్మా! నాన్నగా..."

కిటికీలో నిలబడి ఉన్న తండ్రిని చూసి ఆగిపోయాడు. ఎదురుగా కొత్త మనిషిని చూసి మిగిలిన మాట మింగేశాడు.

"మీరేనా ఉమాపతి గారు?" అన్నాడు చంద్రయ్య. "మల్కాజ్‌గిరి సదనం నుంచి వచ్చిన. వీళ్ళ అర్జీ విచారణకు. వీళ్ళు మీకేమైతరు?"

"అర్జీ ఏమిటి?"

"ఉమా, నేను చెబుతాను, నువ్వు లోపలికి రా నాయనా, ముందు లోపలికి రా..." అంది వెంకటరమణమ్మ.

చంద్రయ్య కాగితం వాడి చేతిలో పెట్టేశాడు.

ఉమాపతి చదివాడు. తండ్రి దస్తూరీ వాడికి తెలియంది కాదు, ఆ దస్తూరీ చూసే అక్షరాలు దిద్దుకున్నాడు. ఒక్కొక్క గీతా కిందికి దిగుతున్న వాడి కళ్ళనే చూస్తూ నిలబడింది తల్లి. పేరు. వయస్సు. స్వస్థలం. తర్వాతి గీత దగ్గర ఆ కళ్ళు ఆగిపోయాయి. చాలాసేపు అక్కడే ఉండిపోయాయి.

"నాన్నగారూ, ఇది మీరు రాశారా?" అన్నాడు.

"రాశాను," అన్నారు సుబ్బరాయుడుగారు. ఆ ఒక్క మాటే అన్నారు. ఎందుకు రాశారో పొద్దున్న భార్యకి అంత చెప్పిన మనిషికి, కొడుకు ముందు నోరు పెగల్లేదు. పెగిలితే బాగుండేదేమో!

"అమ్మా, నీకు తెలుసా?"

ఇవాళే తెలిసిందిరా, అనాలి. కానీ ఆవిడ కళ్ళు చంద్రయ్య మీదికి, అక్కడనుంచి పడక కుర్చీ మీదికి పోయాయి. ఆ తడబాటే వాడికి జవాబు అయిపోయింది.

"ఏం సార్, చెప్పరేంది?" అన్నాడు చంద్రయ్య. "వీళ్ళు మీ సుట్టాలా? ఉత్తగ ఉండనిచ్చిండ్రా? ఏమైతరు?"

ఉమాపతి కాగితం జాగ్రత్తగా మడతపెట్టి తిరిగి ఇచ్చేశాడు. వాడి మొహంలో కోపం లేదు. కోపం ఉంటే తల్లి భయపడేది కాదు.

"నన్ను పుట్టిన పదకొండో రోజున తవుడుకి అమ్మేశారండీ," అన్నాడు నిదానంగా. "సాయంత్రానికి మళ్ళీ కొనుక్కున్నామని చెప్పేవాళ్ళు. నేను నమ్మాను. కొన్నారో లేదో మీరే అడగండి."

తాళం చెవి చంద్రయ్య చేతిలో పెట్టి, మెట్లు దిగాడు. సైకిల్ లేవనెత్తాడు. హ్యాండిల్ వంకరపోయింది. దాన్ని సరిచెయ్యకుండానే నడిపించుకుంటూ గేటు దాటాడు.

"ఉమా!"

అది మనిషి అరుపులా లేదు. పక్క క్వార్టర్సు వాళ్ళు తలుపులు తీసి చూసి, మళ్ళీ వేసేసుకున్నారు.

"కొనుక్కున్నానురా! మూడు దోసిళ్ళ తవుడూ తిరిగిచ్చి కొనుక్కున్నాను! నువ్వు నా కొడుకువిరా! ఒరే ఉమా! వెనక్కి రా నాయనా!" ఊచలకి నుదురు కొట్టుకుంటూ చంద్రయ్య వైపు తిరిగింది. "వాడు నా కొడుకు బాబూ. నా కడుపున పుట్టినవాడు. ఆ కాగితం అబద్ధం. చింపెయ్యండి. మాకు మీ సదనం వద్దు, ఏమీ వద్దు, వాణ్ణి పిలవండి!"

వాడు వినలేదో, విని తిరగలేదో. కామాక్షి వచ్చే తార్నాక దారి కూడా పట్టలేదు. రోడ్డు దాటి, రైలు కట్ట వైపు పోయే బాటలో చెట్ల వెనక్కి వెళ్ళిపోయాడు.

 చంద్రయ్య అర్జీ మీద అడ్డంగా ఒక గీత గీసి, సంచిలో పెట్టుకున్నాడు.

"కొడుకున్నోళ్ళని మేం తీస్కోమమ్మా. కానూను లేదు."

"తలుపు తియ్యండి, చాలు. నేను పరిగెత్తి పట్టుకుంటాను."

చంద్రయ్య తాళం వైపు చూశాడు. సుబ్బరాయుడుగారి వైపు చూశాడు.

"కన్నకొడుకు ఏసిన తాళం నేనెట్ల తీస్త? నువ్వు ఆయన ఎంబడి ఉరుకుతవు. గీ పెద్దాయన మల్ల పట్టాల మీదికి పోతడు. రేపు ఠాణాల నా పేరు రాస్తరు. నాకు గూడ పిల్లలున్నరమ్మా." తాళం చెవి ఊచల్లోంచి ఆవిడ అరచేతిలో పెట్టి, గొడుగు చంకలో సర్దుకున్నాడు. "మీ ఇంటి మాట మీరే చూస్కోండ్రి."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తాళం బయట ఉంది. చెవి లోపల, ఆవిడ చేతిలో ఉంది.

వెంకటరమణమ్మ ఆ చేతిని ఊచల్లోంచి బయటికి చాపింది. భుజం ఒత్తుకుపోయేదాకా చాపింది. తాళం కప్ప ఇంకా బారెడు దూరంలో ఉంది. పక్క క్వార్టర్సులో సాయంత్రం పనికి బుచ్చవ్వ వచ్చేది ఐదింటికి. కామాక్షి వచ్చేది ఐదున్నరకి.

దూరంగా సీతాఫల్‌మండి వైపునుంచి రైలు కూత వినిపించింది.

వెనకనుంచి సుబ్బరాయుడుగారు మెల్లిగా వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు. కళ్ళజోడు సవరించుకుని, కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు. ఆ చూపులో ఇందాకటి మనిషి లేడు.

"ఏమే, నాలుగు దాటిపోయిందే," అన్నారు. "మన ఉమా కాలేజీనుంచి ఇంకా రాలేదేం?"